వజ్రవణిజుడు టావెర్నియర్

భూగర్భం నుండి వెలికి వచ్చిన వజ్రానికి చూపరులను ఆకట్టుకొనే మెరుపు ఉండదు. మన్ను అంటుకొని, మసకబారిన పటికముక్క వలె కనిపించే ఆ రాయిని సానపట్టి, దాని ముఖాలను తీర్చిదిద్దిన పిమ్మటనే లోపలి వెలుగు బయటపడుతుంది. ఆ వెలుగు కోసం రాతి బరువులో ఎంత భాగాన్ని వదులుకోవాలన్నది రత్నవ్యాపారులను తరతరాలుగా వేధించిన ప్రశ్న. పదిహేడవ శతాబ్దంలో ఈ ప్రశ్నను గోల్కొండ గనుల వద్దను, మొగలు దర్బారులోను, ఫ్రాన్సు రాజప్రాసాదంలోను ప్రత్యక్షంగా ఎదుర్కొన్న వర్తకుడు జాన్ బాప్తిస్త్ టావెర్నియర్.

ఆయన 1605లో పారిస్ నగరంలో జన్మించాడు. ఆయన తండ్రి మతకలహాల కారణంగా యాంట్వెర్ప్ నుండి పారిస్‌కు వలస వచ్చిన ప్రొటెస్టెంటు. దేశపటాల వ్యాపారం ఆ కుటుంబానికి జీవనాధారం. ఇంటికి వచ్చే పండితులు దూరదేశాలను గూర్చి చర్చించుకొనే మాటలు బాలుని మనస్సులో బలంగా నాటుకొన్నాయి. ఇరవై రెండేళ్లు నిండేనాటికే ఆయన ఐరోపా ఖండంలో అధికభాగం చూశాడు. ఆ తరువాత 1630 మొదలు 1668 వరకు ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణం చేశాడు. మొదటి యాత్ర పర్షియాతో ముగిసింది. రెండవ యాత్రలో హిందూదేశంలో అడుగుపెట్టాడు.

అప్పుడు గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా పాలిస్తున్నాడు. టావెర్నియర్ 1645లో వజ్రపు గనులను దర్శించాడు. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో అరవైవేల మంది పనిచేయడం చూసినట్లు ఆయన రాసుకొన్నాడు. పురుషులు తవ్వుతుంటే స్త్రీలు, పిల్లలు మన్ను మోసేవారు. సుమారు నూరేళ్ల క్రితం ఒక రైతు విత్తనాలు చల్లడానికి నేల తవ్వుతుండగా ఇరవై అయిదు క్యారెట్లకు చేరువైన రాయి దొరికిందని, ఆ గని పుట్టుక అదేనని ఆయన విన్నాడు. గనులలో ఆరితేరిన పనివాడికి సైతం ఏడాదికి దక్కే కూలి మూడు వరహాలు మాత్రమే. దొరికిన రాయిని పనివాడు దాచుకోకుండా కాపలావాళ్లు ఉండేవారు. ఆ కూలికి ఆ కాపలా అవసరం కావడంలో వింత లేదు.

స్థానిక వర్తకుల రత్నపరీక్ష టావెర్నియర్‌ను ఎంతగానో ఆకర్షించింది. పది నుండి పదహారేళ్ల లోపు కోమటి బాలురు చెట్టు కింద తూనికరాళ్లతో కూర్చొని బేరాలాడేవారు. పెద్దలు రాత్రివేళ గోడలోని గూటిలో లావాటి వత్తి గల దీపం వెలిగించి, రాయిని వేళ్ల నడుమ పట్టుకొని దాని నీటిని, స్వచ్ఛతను నిర్ణయించేవారు. ఐరోపావారు మాత్రం ఇదే పరీక్షను పగటి వెలుగులో చేసేవారు.

సానపట్టే పద్ధతిలోనూ భేదం ఉంది. రాయి నిర్దోషమైనదైతే గోల్కొండ పనివారు దాని సహజాకారాన్ని చెడగొట్టక, చక్రానికి పైపైన తాకించి వదిలేవారు. బరువు తగ్గుతుందేమోనన్న భయమే దీనికి కారణం. రాతిలో చీలికగాని, మచ్చగాని ఉంటే, ఆ దోషం కంటబడకుండా దానినిండా చిన్న చిన్న ముఖాలు చెక్కేవారు. కనుక అనేక ముఖాలు గల రాయిని చూసినప్పుడు కొనుగోలుదారు సంతోషించడానికి బదులు అనుమానించవలసి వచ్చేది. ఇక్కడి మెరుగు ఐరోపా మెరుగు వలె సజీవంగా ఉండదని, చక్రాలు అంత నునుపుగా తిరగకపోవడమే అందుకు హేతువని టావెర్నియర్ అభిప్రాయపడ్డాడు.

ఆయన కంటితో గ్రహించిన ఈ భేదానికి శాస్త్రకారణం తరువాతి కాలంలో స్పష్టమైంది. వజ్రపు వక్రీభవన గుణకం సుమారు 2.42. సామాన్యమైన గాజుకు అది 1.5 మాత్రమే. ఈ కారణంగా వజ్రంలో ప్రవేశించిన కాంతికిరణం లోపలి ముఖాన్ని లంబానికి 24.4 డిగ్రీల కంటె ఎక్కువ కోణంలో తాకితే బయటకు పోలేక సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. అడుగు ముఖాలు తగిన వాలులో ఉన్నప్పుడు కిరణం ఒక వైపు నుండి మరొక వైపునకు మరలి, పైముఖం గుండా చూసేవాని కంటికి చేరుతుంది. అడుగు మరీ పలుచనైతే కిరణం కిందికి జారిపోయి, రాయి గాజుపెంకు వలె వెలవెలబోతుంది. మరీ లోతైతే పక్కలకు జారి, నడుమ చీకటి కమ్ముకొంటుంది. యాంట్వెర్ప్ వజ్రకారుల వంశంలో పుట్టిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ఈ విషయాన్ని గణించి, గుండ్రని వజ్రానికి అడుగు వాలు 40.75 డిగ్రీలు, పైభాగపు వాలు 34.5 డిగ్రీలు ఉండాలని ప్రతిపాదించాడు. బరువు కోసం ఈ కొలతలను మీరిన రాయి తూకంలో గెలిచినా వెలుగులో ఓడుతుంది.

సానపట్టడంలో జరిగిన పొరపాటు ఎంతటి నష్టం తెస్తుందో టావెర్నియర్‌కు మొగలు దర్బారులో తెలిసింది. ఆయన 1652లో గండికోటలో గోల్కొండ సేనాని మీర్‌జుమ్లాను కలుసుకొన్నాడు. వజ్రవ్యాపారంలో అపార ధనం గడించిన ఈ మీర్‌జుమ్లాయే తరువాత మొగలుల పక్షం చేరి, 787½ క్యారెట్ల ముడి వజ్రాన్ని షాజహానుకు కానుకగా ఇచ్చాడు. దానిని తీర్చే పని హోర్టెన్సియో బోర్జియో అనే వెనిస్ నగరవాసికి దక్కింది. అతడు రాయిని పొర వెంట చీల్చి మంచి తునకలు తీయడానికి బదులు, మొత్తం రాయిని సానకు పెట్టి అరగదీశాడు. టావెర్నియర్ 1665 నవంబరు 2న ఆ వజ్రాన్ని చేతిలోకి తీసుకొని తూచేనాటికి అది సుమారు 280 క్యారెట్లు. మిగిలిన అయిదు వందల క్యారెట్లూ పొడి అయిపోయాయి. అడ్డంగా కోసిన గుడ్డు సగం వలె అడుగు చదునుగా ఉన్న ఆ రూపంలో, పోయిన బరువుకు తగిన వెలుగు కూడా రాలేదు. చక్రవర్తి కూలి ఇవ్వకపోగా, బోర్జియోకు పదివేల రూపాయల జరిమానా విధించాడు. అతని వద్ద ఇంకా ఉంటే ఇంకా గుంజుకొనేవాడేనని లోకం చెప్పుకొంది. టావెర్నియర్ మాత్రం చక్రవర్తి కోపాన్ని కాక, బోర్జియోకు పనితనం చాలకపోవడాన్నే తప్పుపట్టాడు.

ఆరవ యాత్ర ముగించుకొని 1668 డిసెంబరులో పారిస్ చేరిన టావెర్నియర్ వద్ద వేయికి పైగా వజ్రాలున్నాయి. వాటిలో సుమారు 115 క్యారెట్ల నీలివజ్రం ముఖ్యమైనది. అది కొల్లూరు గనిలో పుట్టినదని పండితుల నమ్మకం. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ 1669లో వాటిని కొని, ఆయనకు కులీన పదవి ప్రసాదించాడు. ఆ ధనంతో టావెర్నియర్ స్విట్జర్లాండులో ఓబోన్ అనే జమీను కొన్నాడు. ఆయన యాత్రాగ్రంథం 1676లో వెలువడింది.

నీలివజ్రం భారతీయ పద్ధతిలో, బరువు పోకుండా తీర్చినది. అందుచేత దానిలో రంగు ఉన్నా తళుకు తక్కువ. ఆస్థాన రత్నకారుడు జాన్ పిటో 1673 నాటికి దానిని తిరిగి సానపట్టి సుమారు 69 క్యారెట్లకు తెచ్చాడు. నలభైశాతం బరువు పోయింది. అయినను రాజు ఆగ్రహించలేదు. దానిని బంగారంలో పొదిగించి, ఉత్సవవేళల్లో మెడలో ధరించాడు. విప్లవకాలంలో, 1792లో, ఆ వజ్రం దొంగల పాలైంది. తరువాత మరల చెక్కబడి, హోప్ వజ్రమనే పేరుతో పందొమ్మిదవ శతాబ్దంలో లోకానికి కనిపించింది. 45.52 క్యారెట్ల ఆ రాయిని 1958లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు కానుకగా ఇచ్చారు. అది పుట్టిందంటున్న కొల్లూరు నేల పులిచింతల జలాశయపు నీటిలో మునిగింది.

వృద్ధాప్యంలోనూ టావెర్నియర్‌కు ఇంటిపట్టున ఉండడం నచ్చలేదు. ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లకు రక్షణ కరువైన 1685లోనే ఆయన తన జమీనును అమ్మివేశాడు. ఎనభై ఏళ్లు దాటిన వయస్సులో రష్యా మీదుగా మరల తూర్పు దిక్కునకు బయలుదేరి, 1689లో మాస్కో నగరంలో మరణించాడు.