పురుగుల కోసం తోట పెంచిన పంతులుగారు

మా గుంటూరు వైపు పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకి పురుగంటే శత్రువే. పత్తిలో కాయతొలుచు పురుగు, మిరపలో తామర పురుగు... కనబడితే చాలు, మందు కొట్టాల్సిందే. అందుకే కాబోలు, పురుగుల కోసమని ఏరికోరి రాళ్లనేల కొనుక్కున్న ఓ బడిపంతులు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన జీవితం పూర్తిగా తెలిశాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆయన పేరు జీన్ హెన్రీ ఫాబ్రే. 1823 డిసెంబరులో దక్షిణ ఫ్రాన్సులోని ఓ కుగ్రామంలో బీదింట్లో పుట్టాడు. తండ్రి ఏ ఊళ్లో ఏ వ్యాపారం పెట్టినా కలిసిరాలేదు. మీసాలు రాని వయసులోనే ఫాబ్రే సంతలో నిమ్మకాయలు అమ్మాడు, రైలు కట్ట మీద కూలిపని చేశాడు. అవిన్యాన్ పట్నంలో పంతుళ్ల శిక్షణకి స్కాలర్‌షిప్పు దొరకడంతో బతుకు ఓ దారిన పడింది. చాలీచాలని జీతంతో పిల్లలకి పాఠాలు చెబుతూనే, తనంతట తాను చదువుకుని 1855లో డాక్టరేటు సంపాదించాడు. తీరిక దొరికితే చాలు, కందిరీగల వెంటా పేడపురుగుల వెంటా తిరిగేవాడు. దారినపోయేవాళ్లు పిచ్చివాడేమో అనుకునేవారు.

అవిన్యాన్‌లో ఉండగా ఆయన సాయంత్రాలు ఉచితంగా సైన్సు తరగతులు చెప్పేవాడు. వాటికి ఆడపిల్లలూ వచ్చేవారు. పువ్వు కాయ ఎలా అవుతుందో, పుప్పొడి చేసే పనేమిటో ఆయన వాళ్లకి విడమరిచి చెప్పాడు. అంతే! ఆడపిల్లలకి అలాంటివి చెబుతాడా అని మత పెద్దలు మండిపడ్డారు. ఇంటివాళ్లయిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. భార్య, అయిదుగురు పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు ఆదుకున్నవాడు ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. స్త్రీల హక్కుల కోసం 1869లో పుస్తకం రాసిన ఆ మిల్లే, నోటు కూడా రాయించుకోకుండా మూడు వేల ఫ్రాంకులు చేబదులిచ్చాడు. ఫాబ్రే ఆ బాకీ తీర్చేశాడు.

ఉద్యోగం వదిలాక పిల్లల పాఠ్యపుస్తకాలు రాసి సంసారం ఈదాడు. 1877లో పదహారేళ్ల కొడుకు జూల్ చనిపోయాడు. పువ్వులన్నా పురుగులన్నా తండ్రి లాగే ప్రాణం పెట్టే పిల్లాడు. కొత్తగా గుర్తించిన కందిరీగలకు ఆ కొడుకు పేరు పెట్టి, కడుపుకోతను దిగమింగుకున్నాడా తండ్రి.

1879లో, యాభై అయిదేళ్ల వయసులో, ఆయన కల తీరింది. పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో సెరిన్యాన్ అనే ఊళ్లో రెండున్నర ఎకరాల స్థలం కొన్నాడు. దానిపేరు ఆర్మాస్. అక్కడి భాషలో ఆ మాటకి సాగుకు పనికిరాని బీడు అని అర్థం. అందరూ వద్దన్న ఆ ముళ్లపొదల నేలే ఆయనకి కావలసింది. ముళ్లమొక్కల పువ్వుల మీద తేనెటీగలు మూగేవి. ప్రహరీ కట్టిన మేస్త్రీలు వదిలేసిన రాళ్లగుట్ట సందుల్లో కొన్ని ఈగలు కాపురం పెట్టాయి. ఇసక కుప్పలో కందిరీగలు బొరియలు తవ్వుకున్నాయి. ఇంటి ముందు చెరువు, చెట్లు, వాటిలో కప్పలు, పిట్టలు. ఎవర్నీ తరమకుండా, కుర్చీ వేసుకుని గంటల తరబడి చూస్తూ కూర్చునేవాడు.

ఓ కందిరీగ లావుపాటి గొంగళిని నేలలోంచి బయటికి లాగి, చంపకుండా వరసగా కుట్టి, కదలకుండా చేసి, బొరియలో పెట్టి దానిమీద గుడ్డు పెట్టడం ఆయన కళ్లారా చూశాడు. పుట్టబోయే పిల్లకి తాజా భోజనమన్నమాట. మన కిటికీ మూలల్లో మట్టిగూడు కట్టే కందిరీగలదీ ఇంచుమించు ఇదే వరస. గొంగళ్లనో సాలీళ్లనో తెచ్చి అందులో దాస్తాయి. మనమేమో చీపురు తిరగేసి ఆ గూళ్లు రాలగొడతాం.

ఇలా చూసినవన్నీ 1879 నుంచి 1907 వరకు పది సంపుటాలుగా రాశాడు. పరిణామవాదాన్ని ఒప్పుకోకపోయినా డార్విన్ అంతటివాడు ఆయన్ని మెచ్చుకున్నాడు. ముసలితనంలో మళ్లీ బీదరికం తప్పలేదు. 1915 అక్టోబరులో తొంభై ఒకటో ఏట, ఆ తోటలోని ఇంట్లోనే కన్నుమూశాడు. ఆర్మాస్ ఇప్పుడు మ్యూజియం.

ఈ కథ మనకెందుకంటారా? 1980ల్లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో కొత్తరకం మందులు మితిమీరి కొట్టారు. కాయతొలుచు పురుగు వాటికి అలవాటు పడిపోయింది. చీడని తినే అక్షింతల పురుగులూ సాలీళ్లూ మాత్రం చచ్చిపోయాయి. అడ్డు లేక తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ బాకీలూ పిల్లలూ ఇంటి ఆడవాళ్ల నెత్తినపడ్డాయి. ఫాబ్రే లాగా పురుగులో పురుగుకి తేడా తెలుసుకుని ఉంటే కొంతైనా నష్టం తగ్గేదేమో. చేను చుట్టూ జొన్న, మధ్యలో బంతి, ఆముదం వేసుకోమని వ్యవసాయ శాఖవారు చెప్పేది ఇందుకే. బంతి, ఆముదం చీడని తమవైపు లాక్కుంటాయి. మిత్రపురుగులకి జొన్న నీడనిస్తుంది.

పొలం లేకపోయినా పెరడు ఉంటుంది, డాబా మీద నాలుగు కుండీలైనా ఉంటాయి. ఆర్మాస్‌లో లాగే ఓ మూల పగిలిన ఇటుకలు గుట్టగా పొయ్యండి. గచ్చు చెయ్యకుండా జానెడు నేల వదలండి. కొత్తిమీర, ఆవ, సోంపు నాలుగు మొక్కలు పూతకి రానివ్వండి. బంతి, తులసి ఎలాగూ ఉంటాయి. కరివేపాకు మీద గొంగళి కనబడితే నలిపెయ్యకండి, పదిహేను ఇరవై రోజుల్లో అదే సీతాకోకచిలుక. వెడల్పు మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పొయ్యండి. మందు మాత్రం కొట్టకండి.

గుమ్మడి, బీర పిందెలు కుళ్లి రాలిపోతున్నాయని మనం వాపోతుంటాం. పుప్పొడి తెచ్చే ఈగ రాకపోవడం కూడా దానికో కారణం. పువ్వు కాయ కావాలంటే పురుగు రావాలి. ఆనాడు ఆడపిల్లలకి చెప్పినందుకు ఫాబ్రే ఇల్లు వదలాల్సి వచ్చిన పాఠం ఇదే. రేపు పొద్దున్నే గుమ్మడి పువ్వు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.