నేరం అమ్మది కాదు!

ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఆ రోజుల్లో ప్రపంచంలోని పెద్ద నగరాల్లో స్టార్ హోటళ్లు నీలిరంగు దీపాలతో మెరిసిపోతాయి. సినిమా తారలు వస్తారు. పాటలు, విందు, వేలంపాట ఉంటాయి. ఆ రాత్రి పోగైన సొమ్ము ఆటిజం మీద పరిశోధనలకు, ఆ పిల్లలున్న కుటుంబాలకు వెళ్తుంది. టీవీలో ఆ తళుకులు చూసి, మనకెందుకులే అని మీరు చానల్ మార్చేసి ఉండొచ్చు.

ఇప్పుడు ఇంకో ఇంటిని ఊహించుకోండి. అది జగిత్యాల జిల్లా బుగ్గారంలో కావచ్చు, కోరుట్లలో కావచ్చు, సిరిసిల్లలో కావచ్చు. నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు. అమ్మ ఒళ్లో బీడీల చాట. మూడేళ్ల బాబు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. బోర్లించిన సైకిల్ చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటాడు. కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించారు, ధర్మపురి వెళ్లొచ్చారు. అయినా వేలెత్తి చూపేది మాత్రం తల్లినే. పనిలో పడి పిల్లగాడిని పట్టించుకోలేదని అత్త, ముద్దు చేయలేదని ఆడబిడ్డ, ఫోన్ చేతికిచ్చి చెడగొట్టిందని పక్కింటివాళ్లు అంటారు.

ఈ నింద మన పల్లెల్లో పుట్టింది కాదు. ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లే అమెరికాలో తల్లుల మీద ఈ నింద మోపారు. దానికి తెలిసో తెలియకో నిప్పు రాజేసినవాడూ, చివరికి నలుగురి ముందు నిలబడి ఆర్పేందుకు ప్రయత్నించినవాడూ ఒక్కడే. ఆయనే లియో కానర్. ఆటిజం గురించి మీరు వినే ప్రతి మాట వెనకా ఈ డాక్టర్ కథ కొంత ఉంటుంది.

కవి కాబోయి డాక్టరై...

కానర్ 1894 జూన్ 13న క్లెకొటోవ్ అనే చిన్న ఊళ్లో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. కుర్రాడికి కవిత్వమంటే పిచ్చి. కానీ అచ్చువేసేవాళ్లు దొరకలేదు. దాంతో బెర్లిన్‌లో వైద్యం చదవడానికి చేరాడు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి సైన్యంలో పనిచేయాల్సి వచ్చింది. 1921లో పట్టా చేతికొచ్చింది.

1924లో అమెరికాకు వలస వెళ్లి, సౌత్ డకోటాలోని ఓ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేరాడు. 1928లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి పిలిచింది. అక్కడే 1930లో పిల్లల కోసం ప్రత్యేకంగా మానసిక వైద్య విభాగం మొదలుపెట్టాడు. 1935లో పిల్లల మానసిక వైద్యంపై ఇంగ్లిష్‌లో తొలి పాఠ్యపుస్తకం రాశాడు. తమాషా ఏమిటంటే, ఆయన ఆ విద్యను చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు.

నోరులేని వాళ్ల పక్షం

పేరు రాగానే పెద్దింటివాళ్ల డాక్టరైపోయాడనుకుంటున్నారా? కాదు. బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలను మేరీలాండ్‌లోని ఒక శరణాలయంలో ఉంచేవారు. కొందరు వకీళ్లు కోర్టు ద్వారా వాళ్లను విడిపించి, డబ్బున్న ఇళ్లలో అతి తక్కువ జీతానికి పనిమనుషులుగా పెట్టించారు. నూటయాభై మందికి పైగా అలా బయటికొచ్చారు. కానర్ వాళ్ల జాడలు వెతికించాడు. ఎందరో వీధిన పడ్డారని, రోగాల పాలయ్యారని, కొందరు చనిపోయారని లెక్కలతో సహా 1930ల చివర్లో బయటపెట్టాడు. నగరం ఉలిక్కిపడింది.

1942లో ఒక ప్రముఖ నరాల డాక్టర్, తీవ్ర బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ప్రాణం తీసేయడమే దయ అని వాదిస్తే, కానర్ అదే వైద్య పత్రికలో గట్టిగా ఎదురు నిలిచాడు. యూరప్‌లో హిట్లర్ ప్రభుత్వం అలాంటి పిల్లలను నిజంగానే చంపుతున్న రోజులవి.

ఒక తండ్రి ఉత్తరం

1938లో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరి నుంచి ఆయనకు ఓ ఉత్తరం వచ్చింది. అది 33 పేజీలు టైపు చేసిన ఉత్తరం. రాసింది డోనల్డ్ ట్రిప్లెట్ అనే ఐదేళ్ల బాబు తండ్రి. బాబుకు పాటలు, అంకెలు, ప్రార్థనలు కంఠతా వచ్చు. కానీ అమ్మానాన్నలు వచ్చినా వెళ్లినా పట్టదు. గుండ్రటి వస్తువు కనిపిస్తే గిరగిరా తిప్పుతాడు. రోజూ చేసే పనిలో చిన్న మార్పు వచ్చినా ఇల్లు పీకి పందిరి వేస్తాడు. బాబును మరచిపొమ్మని డాక్టర్లు చెబితే, వాళ్లు ఒకసారి శరణాలయంలో చేర్చి, మనసొప్పక మళ్లీ ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ తండ్రి రాసినదాన్ని కానర్ కొట్టిపారేయలేదు. డోనల్డ్‌ను చూశాడు. ఆ తర్వాత అలాంటి పిల్లలు ఇంకొందరు వచ్చారు. 1943లో 11 మంది పిల్లల కథలతో ఓ వ్యాసం ప్రచురించాడు. వాళ్లలో 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఆటిజాన్ని ప్రత్యేక సమస్యగా వైద్యలోకం గుర్తించడం అక్కణ్నుంచే ఊపందుకుంది. అంతకుముందే 1925లో రష్యాలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరమ్మ ఇలాంటి పిల్లల గురించి రాసినా, ఆ సంగతి చాలాకాలం మరుగునే ఉండిపోయింది.

జారిన మాట

ఇది పుట్టుకతోనే వచ్చే లోపమని కానర్ ఆ వ్యాసంలోనే రాశాడు. పైగా 1941లోనే తల్లులను సమర్థిస్తూ ఏకంగా ఓ పుస్తకం రాసినవాడు. అయితే ఆ 11 మంది తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా అదే వ్యాసంలో చేర్చాడు. 1949లో ఇంకో అడుగు ముందుకేసి, ఆ పిల్లలు ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెరిగారని పోలిక చెప్పాడు. ఆ ఒక్క పోలికను లోకం పట్టుకుంది. ఫ్రిజ్ తల్లులు అనే మాట పుట్టింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ నిందను ఇంటింటికీ చేర్చింది. తల్లి ప్రేమ లేకే పిల్లాడు ఇలా అయ్యాడని చెప్పి, పిల్లలను తల్లుల నుంచి విడదీసిన చికిత్సలూ నడిచాయి. ఎందరు తల్లులు రాత్రిళ్లు ఏడ్చి ఉంటారో ఆలోచించండి.

దీన్ని ఎదిరించింది కూడా ఒక తండ్రే. ఆయన పేరు బెర్నార్డ్ రిమ్లాండ్. మనస్తత్వ శాస్త్రవేత్త. సొంత కొడుకుకు ఆటిజం. 1964లో, దీనికి మూలం పెంపకంలో కాదు, శరీరంలో ఉందని పుస్తకం రాశాడు. దానికి ముందుమాట రాసింది కానరే! మరుసటి ఏడాది తల్లిదండ్రులంతా కలిసి జాతీయ సంఘం పెట్టుకున్నారు. నేటి విరాళాల రాత్రులకు వేసిన తొలి పునాదుల్లో అదొకటి.

1969లో వాషింగ్టన్‌లో ఆ సంఘం సభ. హాలు నిండా అమ్మానాన్నలే. డెబ్బై అయిదేళ్ల కానర్ లేచి నిలబడి, తల్లిదండ్రులుగా మీ మీద ఏ నేరమూ లేదని, మిమ్మల్ని విముక్తులను చేస్తున్నానని ప్రకటించాడు. తన మాటలను లోకం తప్పుగా తీసుకుందన్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పోలిక తనదేనని ఆయన ఇంకాస్త సూటిగా ఒప్పుకుని ఉంటే బాగుండేదని మనకు అనిపించవచ్చు. కానీ ఏళ్ల తరబడి దోషుల్లా బతికిన ఆ తల్లులకు అంతటి డాక్టర్ నోట ఆ మాట వినడమే గొప్ప ఊరట.

1977లో బ్రిటన్‌లో కవలల మీద జరిగిన పరిశోధన, ఆటిజానికి జన్యువులతో బలమైన సంబంధం ఉందని తేల్చింది. కానర్ 1981 ఏప్రిల్ 3న కన్నుమూశాడు.

ఆ పిల్లలు ఏమయ్యారు?

1971లో కానర్ తన తొలి 11 మంది ఎలా ఉన్నారో వెతికి చూశాడు. శరణాలయాల్లో మగ్గినవాళ్లు ఉన్నదీ పోగొట్టుకున్నారు. డోనల్డ్ మాత్రం నిలదొక్కుకున్నాడు. చిన్నప్పుడు అతణ్ని కొన్నేళ్లు ఓ రైతు దంపతుల దగ్గర ఉంచారు. అంకెల పిచ్చిని వాళ్లు తిట్టలేదు. దున్నుతూ మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టమన్నారు, బావి లోతు కొలవమన్నారు. పెద్దయ్యాక డోనల్డ్ డిగ్రీ పూర్తిచేసి, సొంతూరి బ్యాంకులో ఉద్యోగం చేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. అందరు పిల్లలూ అంత దూరం రాకపోవచ్చు. కానీ అతణ్ని ఊరు తనవాడిగా చూసుకుందన్న సంగతి మరవకండి.

మీ ఇంట్లో ఉంటే...

* తొమ్మిది నెలలు దాటినా పేరుకు స్పందించకపోవడం, ఏడాదికి వేలితో చూపకపోవడం, టాటా చెప్పకపోవడం, ఏడాదిన్నర దగ్గరపడినా ఒక్క మాటా రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం... వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అని కూర్చోవద్దు. వినికిడి పరీక్ష కూడా చేయించండి.

* టీకాల వల్ల ఆటిజం రాదు. అలా చెప్పిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

* పూర్తిగా నయం చేస్తామని వేలకు వేలు గుంజేవాళ్లను నమ్మకండి. మాట, ఆట, రోజువారీ పనులు నేర్పే శిక్షణ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

* సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ పనిచేస్తోంది. దగ్గర్లోని భవిత కేంద్రంలోనూ అడగండి.

* 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ తీసుకుంటే, నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

విరాళాల రాత్రికి టికెట్టు కొనే స్తోమత మనందరికీ ఉండకపోవచ్చు. కానీ పైసా ఖర్చు లేని సాయం ఒకటుంది. పక్కింటి పిల్లాడు చక్రం తిప్పుతూ కూర్చుంటే, వాళ్లమ్మను ఏమీ అనకండి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఆమెకు తోడుగా బస్సెక్కండి.