గుత్తి సమాధిలో లేని మన్రో దొర

గుత్తి కోట చూడబోయినవారు కొండ ఎక్కి, దిగి, బస్సు వేళకు వచ్చేస్తారు. కొండ కింద ఉన్న ఇంగ్లీషువారి శ్మశానం వైపు వెళ్ళేవారు తక్కువ. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను అక్కడికి వెళ్ళాను. సర్ థామస్ మన్రోను 1827లో మొదట సమాధి చేసింది అక్కడే. 1831లో ఆయన అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. దొర గుత్తిలో లేకపోయినా ఆయన కథలు మాత్రం సీమను వదలలేదు.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టారు. తండ్రి వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. కొడుకు కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780లో మద్రాసులో దిగాడు. మనలో చాలామందిలాగే పొట్టకూటి కోసం సముద్రం దాటిన కుర్రాడన్నమాట. వచ్చీ రాగానే హైదర్ అలీతో యుద్ధం. పారశీకం, హిందూస్తానీ నేర్చుకోవడంతో తరువాత రెవెన్యూ పనులకు పిలుపు వచ్చింది.

1800లో నిజాం నవాబు కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. ఆ దత్త మండలాలకు మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు. 1807 దాకా డేరాల్లో మకాం వేస్తూ ఊరూరా తిరిగారు. పొలాలు కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని అమలు చేశారు.

అలాగని ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన వచ్చింది కంపెనీ ఖజానా నింపడానికే. సుమారు ఎనభైమంది పాలెగాళ్ళను అణచివేశారు. శిస్తు భారం కూడా ఎక్కువే. అయితే ఆ మాట గ్రహించి, నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవారికి రాసినదీ ఆయనే. కంపెనీ అప్పుడు చెవిన పెట్టలేదు.

1817-18 మరాఠా యుద్ధంలో కాసిని పటాలాలతో, స్థానికంగా చేర్చుకున్న మనుషులతో బాదామి, బెల్గాం, షోలాపూర్ కోటలు పట్టి సేనానిగా పేరు పొందారు. 1820లో మద్రాసు గవర్నరయ్యారు. భారతీయులకు పెద్ద ఉద్యోగాలివ్వాలని, వారు తమను తాము పాలించుకోగలిగిన రోజున ఇంగ్లీషువారు తప్పుకోవాలని 1824లోనే రాసి పెట్టారు.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడారంటారు. గండి క్షేత్రంలో పాపఘ్ని మీద బంగారు తోరణం ఆయన కంటపడిందనీ, అది కనిపించినవారు ఎక్కువకాలం బతకరనీ చెబుతారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. పరాయి దొరను జనం తమ కథల్లో కలుపుకోవడం కంటే పెద్ద బిరుదేముంటుంది?

ఆయనకు ఇంటికి వెళ్ళిపోవాలని ఉండేది. బర్మా యుద్ధం వల్ల ఆగిపోయారు. భార్య 1826లో బిడ్డతో ఇంగ్లండు వెళ్ళారు. కొత్త గవర్నరు వచ్చేలోగా తన పాత జిల్లాలను కడసారి చూసి రావాలని ఆయన బయలుదేరారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి ఆ రోజే కన్నుమూశారు.

ఈ బంటింగ్‌లో, పామాయిల్ తోటల మధ్య కాపురముంటూ కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఆ చివరి ప్రయాణమే ఎక్కువగా గుర్తొస్తుంది. మలయా తోటల్లో పనికి వచ్చిన తెలుగు తాతల్లో ఎందరో నాలుగు డబ్బులు కూడబెట్టి తిరిగి పోదామనుకున్నవారే. చాలామంది ఈ మట్టిలోనే కలిసిపోయారు. మేమూ ప్రతి ఏడూ వచ్చే ఏడు అనుకుంటూనే ఉన్నాం. తిరిగి వెళ్తామో లేదో మన చేతిలో లేదు. ఉన్నన్నాళ్ళు ఇరుగుపొరుగు మాట నేర్చుకుని, వారి మంచిచెడ్డలు పట్టించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం బావి తవ్వి, తోపు వేశారు. మద్రాసు ఐలండ్ మైదానం దగ్గర రికాబులు లేని గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. రెంటిలో నాకు బావే గొప్పగా తోస్తుంది.