రామదాసు ఒప్పజెప్పిన లెక్క

లోకము భక్త రామదాసని పిలుచు కంచెర్ల గోపన్న వృత్తిచే గాయకుడు కాడు. పన్ను వసూలుచేసి ఖజానాకు పంపు సర్కారు ఉద్యోగి. ఖమ్మం ప్రాంతమునందలి నేలకొండపల్లి ఆయన స్వగ్రామము. తండ్రి లింగన్న మంత్రి. 1672లో గోలకొండ గద్దె నెక్కిన అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రతీతి.

పాల్వంచ పరగణా తహసీలుదారుగా నున్నప్పుడు గోపన్న భద్రాద్రిపై రామాలయము కట్టించెను. సొమ్ము ప్రభుత్వముది. ఫలితము గోలకొండ కోటలో చెర. అది పండ్రెండేండ్లు సాగినదనియు, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల పైకము చెల్లించిరనియు చెప్పు కథ పసిపిల్లలకు గూడ తెలిసినదే. ఆ యద్భుతము చాటున మరుగుపడిన విషయ మొకటి కలదు. ఆ చీకటికొట్టులో ఆ మనుష్యుని గుండె ఏమైనది?

అందులకు ఆయన కీర్తనలే సాక్ష్యము. ప్రసిద్ధమైన యొక కీర్తనలో ఆయన రామునికే జమాఖర్చులు చదివి వినిపించెను. భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము. ప్రతి నగకును ప్రక్కనే వెల. సర్కారు సొమ్ము హరించినాడని నింద మోసిన ఉద్యోగి, నవాబు కొలువున చెల్లని లెక్కను దేవుని యెదుట ఒప్పజెప్పుచున్నాడు! అంతటితో ఆగలేదు. ఈ వైభవమంతయు ఎవరి ధనము, పుట్టినింటివారిదా, అత్తవారిదా అని నిలదీసెను. మన భక్తివాఙ్మయములో ఇంతటి ఎత్తిపొడుపు అరుదు. ఇది దైవదూషణ యని ముక్కున వేలు వేసుకొనువారు పాట చివరివరకు విననివారే. దెబ్బల బాధచే నోరుజారితినని, అలుగవలదని ఆ నోటనే వేడుకొనెను. కోపమును, దాని వెనువెంట వచ్చు సిగ్గును ఒక్క పాటలోనే ఇమిడినవి.

మరియొక కీర్తనలో రామునితో వాదము మాని సీతమ్మ నాశ్రయించెను. ఏకాంతవేళ చూచి తన మొర భర్త చెవిని వేయుమని కోరెను. దొరగారియొద్ద పని జరుగనప్పుడు అమ్మగారి సిఫారసు వెదకుట ఉద్యోగి యెరిగిన మార్గమే కదా! దాశరథీ శతకమున ఆయన పద్యము ప్రౌఢముగా నడచును. కీర్తనలలోనో, అది ఇంటి పలుకు. ఏడ్చువాడు పద్యలక్షణము చూచుకొనడు.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. రామదాసు చెరసాలయని కోటలో నేటికిని ఒక కొట్టును చూపుదురు. ఆయన తరువాత ఒక శతాబ్దమునకు కావేరీతీరమున త్యాగరాజస్వామి రామునిపై అలిగి, రామదాసు బంధములు విప్పిన ప్రభువు తన్నిట్లు చింతలపాలు సేయుట తగునా యని అడిగెను.