చలం సంసారము

తెనాలి నుండి బాపట్లకు పోవు రైలుమార్గమున, తెనాలి దాటిన కొలదిసేపటికే చుండూరు వచ్చును. ఇరువైపుల కృష్ణా కాలువల నీటితో పండు మాగాణి భూములు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ సీమలోని బ్రాహ్మణ గృహములలో ఆడపిల్లకు ఊహ తెలియకమునుపే వివాహము జరుగుచుండెను. అత్తవారింట కుదురుకొనలేక పుట్టింట నిలిచిపోయిన కూతురు ఇంటివారికి భారము, ఊరివారికి ప్రసంగ విషయము. అట్టి తల్లి కడుపున పుట్టి, తెనాలిలో పెరిగిన ఒక బాలుడు తరువాతి కాలమున తెలుగు కథా సాహిత్యమున వివాహ ధర్మమును బోనులో నిలువబెట్టెను. ఆయనయే గుడిపాటి వెంకటచలం.

చలం 1894 మే 18వ తేదీన మదరాసులో జన్మించెను. తండ్రి కొమ్మూరి సాంబశివరావు, తల్లి వేంకటసుబ్బమ్మ. మాతామహుడైన గుడిపాటి వెంకటరామయ్య దత్తత చేసికొనుటచే ఇంటిపేరు మారినది. భర్త ఉన్నను తల్లి అధికకాలము పుట్టింటనే గడపవలసి వచ్చెను. అచ్చట కన్నతల్లియే ఆమెను సూటిపోటి మాటలతో నొప్పించుట బాలుడు కన్నులార చూచెను. చెల్లెలి పెండ్లి నిలిచిపోయినప్పుడు ఆ పిల్ల పడిన మనోవ్యథయు ఆయన మనస్సున నాటుకొనెను. తగవు తీర్చువారందరును గృహధర్మమును గూర్చియే మాటాడుదురు. ఆ ధర్మము మోయు స్త్రీని మాత్రము ఎవరును పలుకరింపరు. గ్రంథములు బోధింపకమునుపే ఈ సత్యమును ఆయనకు ఇల్లు నేర్పినది.

అయినను బాల్యమున ఆయన ఎదురుతిరిగినవాడు కాడు. ఇతిహాస పురాణములను శ్రద్ధతో చదివి, ఆచారములను పాటించిన బాలుడు. 1911లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో చేరుటతో ఆ జీవితము మలుపు తిరిగెను. అప్పుడు ఆ కళాశాలకు రఘుపతి వేంకటరత్నము నాయుడు అధ్యక్షుడు. బ్రహ్మసమాజ మతము, కులభేద నిరసన, వితంతు వివాహము, వేశ్యానృత్యముల నిషేధము ఆయన బోధనలు. ఆ బోధలకు ఆకర్షితులైన విద్యార్థులలో చలం ఒకడు. కాని గురువు ఉపదేశమున రెండు భాగములు కలవు: ఒకటి నమ్మినదానిని నిర్భయముగా ఆచరించుట, రెండవది ఇంద్రియ నిగ్రహము. శిష్యుడు మొదటిదానిని జీవితాంతము పట్టుకొనెను, రెండవదానిని విడిచెను. ఆయన కీర్తికిని అపకీర్తికిని మూలము ఇచ్చటనే కలదు.

ఆ రోజులలోనే చిట్టి రంగనాయకమ్మతో ఆయనకు వివాహమయ్యెను. బి.ఎ. చదువుటకై మదరాసు వెళ్లిన యువకుడు భార్యను ఇంట కూర్చుండబెట్టక కాన్వెంటు పాఠశాలలో చేర్పించెను. అంతతో నిలువక, ప్రతిదినము తానే సైకిలు మీద ఎక్కించుకొని బడికి తీసికొనిపోవుచుండెను. ఆలుమగలు పగటివేళ ఒకరితో ఒకరు మాటాడుటకే పెద్దల యెదుట సంకోచించు దినములవి. వీథిలోని జనులు నిలిచి వింతగా చూచుచుండిరి. ఈ వార్త విని మామగారు ఆగ్రహించి అల్లుని తన గడప తొక్కవద్దని కట్టడి చేసెను. భర్త కోరిన స్వేచ్ఛకు వెల పుట్టిల్లని ఆ బాలికకు అప్పుడే తెలిసియుండవలెను. ఆ సాహసము చలముదని లోకము చెప్పుకొనును. ఆ సైకిలు వెనుక కూర్చున్న పిల్ల ధైర్యమును లెక్కించినవారు తక్కువ.

చదువు ముగిసిన పిమ్మట కాకినాడలో ట్యూటరుగను, హోస్పేటలోను రాజమహేంద్రవరములోను ఉపాధ్యాయుడుగను పని చేసి, తరువాత పాఠశాలల ఇన్‌స్పెక్టరయ్యెను. వివాహబంధమునకు వెలుపల ఆయనకు కలిగిన స్నేహములు, ప్రేమలు గుప్తములు కావు. పెద్దమనుషులు పలువురు చాటున జరుపుకొను వ్యవహారమునే ఆయన వెలుగులోనికి తెచ్చెను. దాచుటయే పాపమని ఆయన నమ్మకము. కాని భర్త నిజము చెప్పినంత మాత్రమున భార్య దుఃఖము తేలికయగునా అను ప్రశ్నకు ఆ నమ్మకములో సమాధానము లేదు.

ఈ జీవితము నుండియే రచనలు పుట్టెను. 1921లో శశిరేఖ, 1923లో దైవమిచ్చిన భార్య, 1927లో మైదానము వెలువడినవి. మైదానములో రాజేశ్వరి ఒక వకీలు భార్య. ఇంటిలో అన్నవస్త్రములకు కొరత లేదు. ఆమె మనస్సును అడిగినవారును లేరు. ఆమె అమీరు అను మహమ్మదీయుని వెంట ఇల్లు విడిచి, ఊరి వెలుపలి మైదానమున కాపురముండెను. నవల ఆమెకు సుఖాంతము నీయలేదు. స్వేచ్ఛయందును అసూయ, హింస ప్రవేశించి చివరకు విషాదమే మిగిలినది. అందుచే దీనిని స్వైర విహారమునకు స్తోత్రమనుట పొరపాటు. అయినను పశ్చాత్తాపము చెందని భార్యను తెలుగు పాఠకులు అంతకుమునుపు అంత దగ్గరగా చూచియుండలేదు.

చిన్నకథలలో దోషగుణము మరియొక విధమైనది. ఒక కుర్రవానికి వచ్చిన జబ్బునకు ఒక గృహిణితోడి సంబంధమే కారణమని నిశ్చయించుటతో ఒక సంసారము కూలిపోవును. అనుమానమునకు సాక్ష్యము అక్కరలేదను సత్యమును ఆ కథ చూపినది. దీని ఆధారముగా ఇంద్రగంటి మోహనకృష్ణ నిర్మించిన గ్రహణము అను చలనచిత్రము ఆయనకు నూతన దర్శకులకిచ్చు 2004వ సంవత్సరపు జాతీయ పురస్కారమును సంపాదించి పెట్టెను.

ఈ ప్రశ్న తెలుగుదేశమునకే పరిమితమైనది కాదు. అమెరికా కథకుడు నెథానియల్ హాథార్న్ 1835లో వేక్‌ఫీల్డ్ అను కథ వ్రాసెను. అందొక భర్త కారణమేమియు లేకయే ఇల్లు విడిచి, పక్కవీథిలోనే ఇరువది యేండ్లు దాగియుండి, ఒకనాడు ఏమియు జరుగనట్లు తిరిగివచ్చును. భార్య ఎట్లు బ్రతికెనను విషయము కథకు అంతగా పట్టలేదు. ఆ విషయమునే పట్టించుకొన్న రచయిత్రి కేట్ షోపిన్. 1882లో భర్త మరణింపగా ఆరుగురు బిడ్డలతో మిగిలిన స్త్రీ ఆమె. 1894లో వ్రాసిన ఒక గంట కథలో, భర్త మృతివార్త విన్న భార్యకు దుఃఖము వెంట స్వేచ్ఛ తోచును. భర్త సజీవుడై వాకిట నిలువగా ఆమె ప్రాణము పోవును. 1898లో వ్రాసిన తుపాను కథలో పరపురుషుని కలిసిన గృహిణికి శిక్ష లేదు. ఆ కథ ఆమె జీవితకాలమున అచ్చుకాక 1969లో గాని వెలుగు చూడలేదు. 1899లో వచ్చిన ఆమె నవలను విమర్శకులు తీవ్రముగా నిందించిరి. 1904లో ఆమె మరణించునాటికి తెనాలి బాలునికి పదేండ్లు. షోపిన్ తన కథను పెట్టెలో దాచెను, చలం దాచలేదు. దాచకపోవుటకు వెల ఆయన కుటుంబమంతయు చెల్లించెను.

బెజవాడలో ఉన్న కాలమున సంఘము ఆ కుటుంబమును దూరముగా ఉంచెను. గ్రంథములను రహస్యముగా చదివినవారే బహిరంగముగా ఆ గడప తొక్కుటకు జంకిరి. ఇంత జరిగినను ఆయన సంసారమును విడిచి పారిపోలేదు. బిడ్డలను తానే దగ్గరనుంచి పెంచెను. పిల్లలు తలిదండ్రుల సొత్తు కారని, దండించుట విద్య కాదని బిడ్డల శిక్షణ అను గ్రంథమున వాదించెను. వివాహమును నిరసించిన మనుష్యుడు తండ్రి బాధ్యతను నిరసింపలేదు. ఆయనకు ధర్మమన్నది సంఘము విధించునది కాదు. ప్రేమించినవారికి తాను పడిన ఋణము.

1936లో చింతా దీక్షితులు ఆయనను అరుణాచలమునకు తీసికొనిపోయి రమణ మహర్షిని చూపించెను. మొదట సందేహించిన మనస్సు మెల్లగా ఆ వైపు మొగ్గెను. 1950లో కుమార్తె సౌరిస్‌తోను కుటుంబముతోను అచ్చటికే చేరెను. ఆ యేడు ఏప్రిలులో మహర్షి నిర్యాణము చెందినను చలం తిరిగి రాలేదు. సుఖమును వెదకిన రచయిత శాంతిని వెదకుట కొందరికి ఓటమిగ తోచినది. కాని రెండింటను ఆయన ఒప్పుకొనని వస్తువు ఒక్కటే: మనస్సు లేని ఆచారము. 1972లో ప్రకటించిన ఆత్మకథలో తన తప్పులను తానే చెప్పుకొనెను. 1979 మే 4వ తేదీన అరుణాచలముననే కన్నుమూసెను.

ఆయన కోరిన మార్పులలో కొన్ని నేడు చట్టములైనవి. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము విడాకుల హక్కు నిచ్చెను. 2018లో భారత సర్వోన్నత న్యాయస్థానము వ్యభిచారమును నేరముగా ఎంచు శిక్షాస్మృతి నిబంధనను కొట్టివేసెను. భార్య భర్త సొత్తు కాదని చెప్పెను. మైదానము వెలువడి అప్పటికి తొంబదియొక్క యేండ్లు.

చట్టము తీర్చలేనిది ఒకటి మిగిలియున్నది. చలం జీవితమును చదువువారు ఆయనను మెచ్చుకొనుటయో నిందించుటయో త్వరపడి చేయుదురు. పుట్టింట మాటలు పడిన తల్లిని తలచి స్త్రీ పక్షమున జీవితమంతయు వాదించిన కుమారుడు, తన ఇంటిలోని స్త్రీని ఎంతవరకు వినెను? మదరాసు వీథులలో సైకిలు మీద బడికి వెళ్లిన రంగనాయకమ్మ గ్రంథములు వ్రాయలేదు. ఆమె పక్షము వినిపించు గ్రంథము లేనంతవరకు చలం జీవితచరిత్రలో సగము పుటలు తెల్లగనే యుండును.