అయినవారు వెంట రాని ప్రయాణము
డాక్టరు అన్నా సారా కుగ్లరుగారి జీవితము

ధ్యానభాగము: ఆదికాండము 24వ అధ్యాయము, రోమా 16:1, 2



గత నెలలో ముంచింగిపుట్టు సంత దినమున, పసుపు అమ్ముకొని తిరిగి వెళ్ళుచు మన సంఘపు తల్లి యొకామె మా ఇంటికి వచ్చెను. ఆమె కుమార్తె విశాఖపట్టణములో నర్సు శిక్షణ ముగించి, అక్కడనే జర్మను భాష నేర్చుకొని, జర్మనీ దేశమున ఒక ఆసుపత్రిలో పనికి పోవుటకు సిద్ధపడుచున్నది. పాస్‌పోర్టు చేతికి వచ్చినది. కాని తల్లికి నిద్ర లేదు. విశాఖపట్టణమునకు పంపిననాడే బస్సు కనుమరుగగు వరకు ఏడ్చితినే, ఇప్పుడు సముద్రము దాటి ఒంటరిగా ఎట్లు పంపుదునని ఆమె బాధ. మగతోడు లేని పిల్లను పరదేశమునకు పంపు తల్లిదండ్రులకు బుద్ధి లేదని ఊరిలో కొందరనిరట. ముందు పెండ్లి చేసి, పిమ్మట పంపుడని మరికొందరనిరట.

ఆ పూట నేను ఆమెకు ప్రార్థన చేసి పంపితిని గాని, తగిన జవాబు చెప్పలేకపోతిని. ఆమె వెళ్ళిన తరువాత నాకు గుంటూరు జ్ఞాపకము వచ్చెను. దైవవిద్య నేర్చుకొను దినములలో నేనొకసారి ఆ పట్టణమునకు వెళ్ళి, కుగ్లరు ఆసుపత్రిని చూచితిని. ఆ పేరు గల స్త్రీయు ఒకప్పుడు పెండ్లి కాని పిల్లయే. ఆమెయు అయినవారెవరును వెంట లేకుండ సముద్రము దాటిన మనిషియే. ఆమె చరిత్ర ఈ నెల మీతో చెప్పుకొనవలెనని నాకు తోచినది.

అన్నా సారా కుగ్లరుగారు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఆర్డ్‌మోరు అను ఊరిలో జన్మించిరి. వారిది లూథరను సంఘమునకు చెందిన కుటుంబము. ఆ కాలమున స్త్రీలు వైద్యవిద్య నేర్చుట ఆ దేశములోను అరుదు. అయినను ఫిలడెల్ఫియా పట్టణములో స్త్రీల కొరకే యొక వైద్య కళాశాల ఉండెను. కుగ్లరుగారు అందులో చదివి 1879లో పట్టము పొందిరి. పిమ్మట నారిస్‌టౌను అను చోట, మనోవ్యాధి గలవారి ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల విభాగమున వైద్యురాలుగా పనిచేసిరి. మంచి ఉద్యోగము, ఇంటికి దగ్గర ఊరు, తెలిసిన భాష. కావలసినదంతయు అక్కడనే యుండెను.

అట్లుండగా గుంటూరులో పనిచేయుచుండిన ఆడము రో అను మిషనరీ వ్రాసిన ఉత్తరము ఆమెకు చేరెను. ఈ దేశములో స్త్రీలు వైద్యము లేక బాధపడుచున్నారనియు, మగ వైద్యుని ఎదుటికి రాని స్త్రీలు అనేకులున్నారనియు, స్త్రీ వైద్యురాలు ఒకరు కావలెననియు దాని సంగతి. ఆ ఉత్తరము ఆమె హృదయమున నాటుకొనెను. తనను పంపుమని ఆమె తన సంఘపు స్త్రీల మిషను సభవారిని అడిగిరి.

ఇక్కడ ఒక విషయము గమనించుడి. తలుపు పూర్తిగా తెరువబడలేదు. వైద్యపు పనిని చేపట్టుటకు మేమింకను సిద్ధముగా లేమని సభవారు చెప్పి, స్త్రీల మధ్య బోధించు పనికి మాత్రమే ఆమెను నియమించిరి. వైద్యురాలిని బోధకురాలుగా పంపుట అన్నమాట. మనమైతే అలిగి ఇంట కూర్చుందుము. ఆమె అలుగలేదు. మందులును పనిముట్లును పెట్టెలో సర్దుకొని, 1883 ఆగస్టు 25న ఓడ ఎక్కిరి. అప్పుడు ఆమె వయస్సు ఇరువదియేడేండ్లు. భర్త లేడు, అన్నదమ్ములు వెంట రాలేదు. ఆ సంవత్సరము నవంబరు 29న గుంటూరు చేరిరి. నేడు విమానములో ఒక పగలు, ఒక రాత్రి పట్టు దూరమునకు ఆమెకు మూడు నెలలు దాటినవి. ఇంటికి వ్రాసిన ఉత్తరమునకు జవాబు రావలెనన్నను వారములు గడువవలెను. ఫోనులో బిడ్డ ముఖము చూచుకొను భాగ్యము ఆ తల్లికి లేదు.

వచ్చిన తరువాతనైనను దారి సుళువు కాలేదు. తెలుగు నేర్చుకొనవలెను. ఎండకు ఓర్చుకొనవలెను. పెద్ద కులములవారి ఇండ్లలో పరదేశి చేయి తగిలిన మైల యని తలచువారు. అట్టి గడపల యొద్దనే ఆమె ఓపికతో నిలిచి, రోగముతో నున్న స్త్రీలను చూచిరి. బోధించు పని మానలేదు, వైద్యమును మానలేదు. రోగులు మొదటి సంవత్సరమునుండియే వందల కొలదిగా వచ్చిరి. ఈ పని చూచి, రెండేండ్లకు, అనగా 1885 డిసెంబరులో, సభవారు ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. అడిగిననాడు దొరకని అనుమతి పని చేసి చూపిన తరువాత దొరకెను.

1889లో ఆమె సెలవు మీద స్వదేశమునకు వెళ్ళి, గుంటూరులో ఆసుపత్రి కావలెనని అక్కడి సంఘములకు తెలిపిరి. స్త్రీల సమాజములవారు కానుకలు కూర్చిరి. ఆమె తిరిగి వచ్చిన పిమ్మట 1893లో మందులిచ్చు దవాఖానా కట్టడము తెరువబడెను. 1898 జూను 23న ఆసుపత్రి ప్రతిష్ఠింపబడెను. ఆమె ఈ దేశమున అడుగు పెట్టిన పదునైదవ సంవత్సరమున ఆ పని నెరవేరినది. అక్కడ తెలుగు స్త్రీలకు నర్సు పని నేర్పిరి. మొదట మైల యని తలచిన ఇండ్లవారే పిమ్మట బండ్లు కట్టించుకొని వచ్చిరి. ఏలూరు రాజావారు తమ కుటుంబమునకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి దగ్గర సత్రము కట్టించిరి. ప్రభుత్వమువారు 1905లోను 1917లోను ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకపు గౌరవమిచ్చిరి.

కుగ్లరుగారు 1930 జూలై 26న, డెబ్బదినాలుగేండ్ల వయస్సున, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఓడ ఎక్కిననాటినుండి నలువదియేడేండ్లు గడచినవి.

ఇప్పుడు ఇంకొక స్త్రీ సంగతి చెప్పెదను. కుగ్లరుగారు ఇటు వచ్చిన ఆ 1883లోనే, ఏప్రిల్ 7న, కలకత్తా రేవునుండి ఆనందీబాయి జోషి అను పదునెనిమిదేండ్ల మహారాష్ట్ర స్త్రీ అటు బయలుదేరిరి. ఆమె హిందువు, మతము మార్చుకొనలేదు. భర్త వెంట లేడు. ఓడలో ఆమెకు తోడుగా నున్నది పరదేశపు స్త్రీలే. ఉత్తరముల ద్వారా మాత్రమే పరిచయమైన కార్పెంటరు అను అమెరికా తల్లి ఆమెను తన ఇంట చేర్చుకొనెను. కుగ్లరుగారు చదివిన ఆ ఫిలడెల్ఫియా కళాశాలలోనే చదివి, ఆనందీబాయి 1886లో డాక్టరు పట్టము పొందిరి. ఒకే సంవత్సరమున ఒకామె ఇటు, ఒకామె అటు సముద్రము దాటిరి. ఇద్దరి కోరికయు ఒక్కటే: మన దేశపు స్త్రీలకు వైద్యము చేయవలెనని.

నిజము దాచరాదు గనుక ఇదియు చెప్పవలెను. ఆనందీబాయి జబ్బుతో తిరిగి వచ్చి, ఇరువదిరెండేండ్లైనను నిండకమునుపే, 1887 ఫిబ్రవరి 26న పూనాలో మరణించిరి. వెళ్ళిన ప్రతివారును క్షేమముగా నుందురని నేను ఏ తల్లికిని మాట ఇయ్యలేను. ఇంట నున్న బిడ్డను గూర్చియు ఇయ్యలేను గదా. మన కొండలలో దారి లేని పల్లెలనుండి నొప్పులు పడు స్త్రీలను డోలీలో మోసికొని వచ్చుట మీరు కన్నులార చూచినారు. ఇంటి వాకిటనే యున్నంత మాత్రాన అపాయము తప్పదు. కాబట్టి అపాయము ఉన్నదా లేదా అనునది మన ప్రశ్న కాదు. ఏ పనికి వెళ్ళుచున్నది, ఎట్లు సిద్ధపడినది, ఎవరు పంపుచున్నారు అనునవే మన ప్రశ్నలు.

రిబ్కాను తలంచుడి. దూరదేశమునకు పంపవలసి వచ్చినప్పుడు ఆమె తల్లియు అన్నయు ఇంకను కొన్ని దినములు ఉండనిమ్మని అడిగిరి. పిమ్మట ఆ పిల్లనే పిలిచి, ఆమె మనస్సు అడిగిరి. ఆమె వెళ్ళుదునని చెప్పెను. అప్పుడు వారు దాదిని తోడిచ్చి, దీవించి పంపిరి. బిడ్డను అడుగుట, తోడు కూర్చుట, దీవించుట, ఈ మూడును పెద్దల పని. ఫీబేను తలంచుడి. ఆమె కెంక్రేయ సంఘపు పరిచారకురాలు. ఆమెను చేర్చుకొని, కావలసిన సహాయము చేయుడని పౌలు రోమా సంఘమునకు ముందుగానే వ్రాసెను. ఎరుగని పట్టణములో ఆమె కొరకు ఒక ఉత్తరము తలుపు తట్టినది.

ఇక ప్రయాణమునకు సిద్ధపడుచున్న మన కుమార్తెలతో కొన్ని మాటలు. కుగ్లరుగారు చదువు ముగించి, పని నేర్చి, పిమ్మట ఓడ ఎక్కిరి. మీరును చేతి పనియు ఆ దేశపు భాషయు నేర్చుకొనియే వెళ్ళుడి. ఆమెను పంపినవారెవరో ఆమెకు తెలియును. మిమ్మును పంపు ఏజెంటు ఎవరో మీకును తెలియవలెను. అట్టివానికి భారత ప్రభుత్వ విదేశాంగ శాఖవారి రిజిస్ట్రేషను ఉండవలెను. ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో దానిని సరిచూచుకొనవచ్చును. విదేశపు ఉద్యోగముల కొరకు మన రాష్ట్ర ప్రభుత్వమువారి ఓంక్యాప్ అను సంస్థయు కలదు. విహారయాత్ర వీసా మీద పనికి పంపెదనను వానిని నమ్మకుడి. ఒప్పంద పత్రమును మీకు తెలిసిన భాషలో చదివించుకొనకుండ సంతకము చేయకుడి. పాస్‌పోర్టు ఎవరికిని అప్పగింపకుడి. దాని నకలును, ఒప్పందపు నకలును, అక్కడి భారత రాయబార కార్యాలయపు ఫోను నెంబరును తల్లిదండ్రుల యొద్ద ఉంచుడి. ఇవి అవిశ్వాసపు పనులు కావు. మందులు పెట్టెలో సర్దుకొనుటయు కుగ్లరుగారి విశ్వాసములో భాగమే.

తల్లిదండ్రులతో ఒక్క మాట. నాడు ఆర్డ్‌మోరులోని ఇల్లు తన బిడ్డను విడిచిపెట్టినది గనుకనే గుంటూరు సీమలో ఎందరో తల్లులు బ్రదికిరి. మనము ఇంతకాలము అట్టి బిడ్డలను చేర్చుకొన్నవారము. ఇప్పుడు పంపు వంతు మనకు వచ్చినది. మీ బిడ్డ అక్కడ నేర్చిన పని ఒకనాడు ఈ కొండల తల్లులకు అక్కరకు రావచ్చును. ఒకవేళ ఆమె అక్కడనే యుండి, పరాయి ముసలివారి పుండ్లు కడిగినను, అదియు ప్రభువు సేవయే.

సంఘముతో కూడ ఒక మాట. ఆ పిల్ల వెళ్ళు పట్టణములోని సంఘ కాపరిగారి చిరునామా కనుగొని, ఫీబే కొరకు పౌలు వ్రాసినట్లు ఆమె కొరకు ఉత్తరము వ్రాయుట నా పని. వచ్చు నెల మొదటి ఆదివారమున ఆమెను ముందర నిలువబెట్టి, చేతులుంచి ప్రార్థించుట పెద్దల పని. అంతవరకు ఆమె తల్లి చెవిని భయపు మాటలు వేయకుండుట మనందరి పని. సంతలో ఆ తల్లి మీకు కనబడినయెడల, పసుపు ధర అడిగిన పిమ్మట, మీ బిడ్డ కొరకు మా ఇంట ప్రార్థించుచున్నామని చెప్పుడి. చెప్పి, ఇంటికి పోయి ప్రార్థించుడి.

ధ్యానమునకు: మన ఇంటి బిడ్డ దూరము పోవుదునన్నప్పుడు, మనము మొదట అడుగునది ఆమె మనస్సునా, ఊరి మాటనా?

ప్రార్థన: అబ్రాహామును పిలిచిన దేవా, రిబ్కాకు దారి చూపిన తండ్రీ, అయినవారిని విడిచి పోవు మా కుమార్తెలకు తోడైయుండుము. వారికి వివేకమిమ్ము; మోసము చేయువారి చేతిలో పడనియ్యకుము. ఇంట మిగిలిన తల్లులకు నిద్ర దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.