జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన ప్రముఖ ఆవిష్కర్త, మోటారు యంత్రాల నిపుణుడు, పారిశ్రామికవేత్త. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని కూడా వ్యవహరిస్తారు. పాఠశాల చదువు ప్రాథమిక స్థాయిని దాటకపోయినా, ఒక మోటారు సైకిలును విడదీసి బిగించడంతో మొదలుపెట్టి, దక్షిణ భారతదేశంలోని పెద్ద బస్సు రవాణా సంస్థలలో ఒకదానిని నడిపి, విద్యుత్ మోటారు నుండి క్షౌర యంత్రం వరకు అనేక వస్తువులను తయారుచేశాడు.

కుటుంబ నేపథ్యం, బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు. విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాతను తెలుగు నేల నుండి తరలివెళ్ళి కోయంబత్తూరు నల్లరేగడి భూములలో స్థిరపడిన కమ్మ నాయుళ్ళ వంశం వీరిది. ఈ కుటుంబాలు చదువు తమిళంలోనే చదువుకున్నా, ఇంటిలో మాత్రం తెలుగునే మాట్లాడుకుంటూ వచ్చాయి. ఆ తెలుగులో తమిళపు పలుకుబడి కలిసి ఉంటుంది, మనం మరచిపోయిన పాత మాటలు కూడా కొన్ని వినిపిస్తాయి. తెలుగు రాష్ట్రాలలో నాయుడు పేరు అంతగా వినిపించకపోవడానికి ఈ దూరమే కారణం కావచ్చు.

చిన్నతనంలోనే తల్లిని కోల్పోయిన నాయుడికి బడి అంటే గిట్టలేదు. ఉపాధ్యాయుని కళ్ళలో ఇసుక చల్లి బడి మానివేశాడని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ కథ అంత రుచించదు గాని, బడి మానిన పిల్లవాడు పుస్తకాలను మానలేదన్నది గమనించదగినది. పొలం పనులు చేస్తూనే తనంతట తాను తమిళంలో దొరికిన పుస్తకాలు చదువుకున్నాడు.

రడ్జ్ మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. బ్రిటిష్ రెవిన్యూ అధికారి ఒకరు తమ ఊరి మీదుగా నడుపుకొని వెళ్ళిన రడ్జ్ బండిని చూసి, గుర్రమూ ఎద్దూ లేకుండా కదిలే ఆ వాహనాన్ని సొంతం చేసుకోవాలని పట్టుబట్టాడు. ఇందుకోసం ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేశాడు. కొన్నేళ్ళు కూడబెట్టిన సొమ్ముతో ఆ బండినే కొన్నాడు. కొన్న తరువాత చేసిన మొదటి పని దానిని నడపడం కాదు, ముక్కలు ముక్కలుగా విడదీసి మళ్ళీ బిగించడం. ఇంజను పనిచేసే తీరు ఆయనకు అలా పట్టుబడింది. మెకానిక్ వృత్తికి ఇదే నాంది.

ఆ తరువాత మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తిరుప్పూరు ప్రాంతంలో పత్తి వ్యాపారం చేసి లాభపడ్డాడు. ఆ ధనంతో బొంబాయి వెళ్ళి పత్తి బేరంలో అంతా పోగొట్టుకున్నాడు. తిరిగి వచ్చేనాటికి చేతిలో మిగిలినది పనితనమొక్కటే.

మొదటి బస్సు

కోయంబత్తూరులో కాఫీ, వస్త్ర పరిశ్రమలు నడిపిన స్టేన్స్ కుటుంబానికి చెందిన రాబర్ట్ స్టేన్స్ నాయుడిని ఆదరించాడు. ఆయన సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచి - పళని మధ్య నడపడం ప్రారంభించాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కనుక ఆ దారిలో యాత్రికులకు కొదువ లేదు. యజమాని, డ్రైవరు, మెకానిక్కు అన్నీ తానే. ఒక్క బస్సుతో మొదలైన యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) పదిహేనేళ్ళు తిరగకముందే వందల బస్సుల సంస్థగా ఎదిగింది. వేళకు బయలుదేరడం, టిక్కెట్లు ఇవ్వడానికి యంత్రాన్ని వాడడం, బస్సు వేళలను ప్రయాణికులకు తెలియజేసే ఏర్పాట్లు చేయడం ఈ సంస్థ ప్రత్యేకతలు.

ఆనాటి మోటారు మరమ్మత్తు, పనిముట్లు

నాయుడు చేసిన పని విలువ తెలియాలంటే ఆ కాలపు మరమ్మత్తు ఎలా ఉండేదో కొంత తెలుసుకోవాలి. 1920లలో మన దేశంలో మోటారు వాహనాలు తయారు కాలేదు. ఛాసిస్‌లు ఇంగ్లండు నుండి, అమెరికా నుండి ఓడలలో వచ్చేవి. జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయిలో బిగింపు కర్మాగారం పెట్టినా, భాగాలు మాత్రం విదేశాలవే. ఒక బేరింగు పగిలితే కొత్తది వచ్చేవరకు బస్సు షెడ్డులో నిలిచిపోయేది. కనుక బాగుచేసేటప్పుడు మంచిగా ఉన్న భాగాన్ని పాడుచేయకుండా ఉండడమే మెకానిక్కుకు పెద్ద పరీక్ష.

దీనికి తోడు కొలతల చిక్కు ఒకటి ఉండేది. బ్రిటిష్ బండ్లకు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పద్ధతిలోని మరలు వాడేవారు. విట్‌వర్త్ పానా మీద రాసి ఉండే సంఖ్య బోల్టు కాండం వ్యాసాన్ని తెలుపుతుందే గాని, పానా నోటి వెడల్పును కాదు. అర అంగుళం అని రాసి ఉన్న పాత విట్‌వర్త్ పానా నోరు దాదాపు 0.92 అంగుళం ఉంటుంది. అమెరికా పానాపై అర అంగుళం అని ఉంటే దాని నోరు నిజంగానే అర అంగుళం. రెండు దేశాల బండ్లూ ఒకే షెడ్డులో ఉన్నప్పుడు రెండు జతల పానాలు తప్పనిసరి. ఒకదానికి బదులు ఒకటి వాడితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఆపైన ఏ పానాకూ పట్టు దొరకదు, ఉలి పెట్టి కొట్టవలసిందే. మెట్రిక్ పద్ధతి వచ్చాక కూడా ఈ బాధ పూర్తిగా పోలేదు. 13 మిల్లీమీటర్ల పానా అర అంగుళం (12.7 మిల్లీమీటర్లు) నట్టుకు పట్టినట్టే ఉండి, గట్టిగా లాగినప్పుడు జారుతుంది. నేటికీ షాద్‌నగర్ వద్ద బెంగుళూరు రహదారి పక్కన ఉండే షెడ్డులలో 10-11 పానా, 12-13 పానా అని సంఖ్యతో అడిగి తీసుకోవడం వెనుక ఉన్న జాగ్రత్త ఇదే. పేచ్‌కస్, పకడ్ ఎవరివైనా వాడుకోవచ్చు గాని పానా మాత్రం సరిపోయేదే కావాలి.

కదిలే దవడ గల పానాకు స్వీడను దేశస్థుడు యోహాన్ పీటర్ యోహాన్సన్ 1892లో పేటెంటు పొందాడు. ఎన్నో సైజులకు ఒక్కటే సరిపోతుంది కాని, బిగుసుకుపోయిన నట్టు మీద అది నమ్మదగినది కాదు. దీనికి మేలైన జవాబు నాయుడు మొదటి బస్సు కొన్న 1920వ సంవత్సరంలోనే అమెరికాలో వచ్చింది. మిల్వాకీ నగరంలో జోసెఫ్ జాన్సన్, విలియం సైడెమన్ అనే ఇద్దరు 5 పిడులకు 10 సాకెట్లను మార్చి మార్చి తగిలించుకునే ఏర్పాటుతో స్నాప్-ఆన్ కంపెనీని స్థాపించారు. 5 పిడులు, 10 సాకెట్లు కలిస్తే 50 రకాల పానాల పని జరుగుతుంది. మన మెకానిక్కులు గోటీ పానా, బాక్సు పానా అనేవి ఈ కుటుంబంలోనివే.

సాధారణ పనిముట్లతో కాని పనులు కూడా ఇంజనులో చాలా ఉంటాయి. ఇరుసుపై బిగువుగా కూర్చున్న బేరింగును సుత్తితో కొడితే బేరింగు, ఇరుసు రెండూ చెడతాయి. దానిని రెండు మూడు కాళ్ళ పుల్లరుతో పట్టి, నడుమనున్న మరను తిప్పుతూ సమంగా లాగాలి. వాల్వు తీయాలంటే దాని స్ప్రింగును నొక్కి పట్టే క్లాంపు కావాలి. అది లేక పేచ్‌కస్‌తో ఎత్తబోతే స్ప్రింగు ఎగిరి కంటికే ప్రమాదం. పిస్టను రింగులు సిలిండరులోకి దిగాలంటే చుట్టూ బిగించి పట్టే రేకు పట్టీ ఉండాలి. టాపెట్ల సందు కొలవడానికి పలుచని ఉక్కు రేకుల ఫీలర్ గేజి కావాలి. ఇవి దొరకని చోట్ల మెకానిక్కులు పాత లీఫ్ స్ప్రింగుల ఉక్కును కొలిమిలో కాల్చి, తమకు కావలసిన పనిముట్టును తామే చేసుకునేవారు. ఒక పని కోసం ఒక పనిముట్టును తయారుచేసుకునే ఈ అలవాటు నుండే చాలామంది ఆవిష్కర్తలు వచ్చారు. బస్సుల షెడ్డు నుండి నాయుడు నడచిన దారి కూడా ఇటువంటిదే. యు.ఎం.ఎస్. సంస్థ తన బస్సులను తన వర్క్‌షాపులోనే బాగుచేసుకునేది. ఆ వర్క్‌షాపు క్రమంగా కొత్త వస్తువులను తయారుచేసే కార్ఖానాగా మారింది.

విద్యుత్ మోటారు, ఇతర ఆవిష్కరణలు

1930ల ఆరంభంలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుండి కోయంబత్తూరుకు విద్యుత్తు అందసాగింది. దీనితో మిల్లులకు, బావుల మీది పంపులకు మోటార్ల అవసరం ఏర్పడింది. అవన్నీ దిగుమతి కావలసినవే. నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో 1937లో ఒక మోటారును తయారుచేశారు. భారతదేశంలో తయారైన మొట్టమొదటి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ కంపెనీని స్థాపించాడు. నేడు కోయంబత్తూరు పంపుసెట్లు తెలుగు రైతులకు కూడా సుపరిచితమే.

ఐరోపా పర్యటనలలో క్షౌర సామగ్రిని పరిశీలించిన నాయుడు, చిన్న మోటారుతో బ్యాటరీపై నడిచే రసంత్ అనే రేజరును రూపొందించాడు. మిక్కిలి పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా, కెమెరాలలో దూరాన్ని సరిచేసే సాధనం ఆయన ఇతర ఆవిష్కరణలు. మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రాన్ని కూడా తయారుచేశాడు. మన దేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాన్ని తొలిసారి 1982లో కేరళలోని పరవూరులో వాడారు, అప్పటికి నాయుడు మరణించి 8 సంవత్సరాలు గడచిపోయాయి. 5 వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ప్రకటించాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారుచేశాడు. ధర 2,000 రూపాయలు. కాని పరిశ్రమల చట్టం (1951) ప్రకారం ఇటువంటి ఉత్పత్తికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అవసరం. ఆ లైసెన్సు లభించలేదు. కారు ఉత్పత్తి నిలిచిపోయింది. విదేశీ మారకం, ఉక్కు కొరతగా ఉన్న ఆ రోజులలో ప్రభుత్వానికి తన కారణాలు ఉండవచ్చు. అయినా సామాన్యుడికి అందుబాటులో ఉండే కారును ఒక మెకానిక్కు తయారుచేసి చూపినప్పుడు, కనీసం కొన్నేళ్ళు పరీక్షించి చూసే అవకాశమైనా ఇవ్వకపోవడం విచారకరం. పన్నుల విధానంపై కూడా నాయుడు ప్రభుత్వంతో తీవ్రంగా విభేదించాడు.

విద్యారంగం

నాయుడు విరాళంతో, చొరవతో 1945లో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. నాయుడే ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. ప్రాథమిక విద్య దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కావడం అరుదైన సంగతి. నాలుగేళ్ళ కోర్సు విద్యార్థి కాలాన్ని వృథా చేస్తున్నదని, చేతిపనితో కలిపి నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు. ఈ వాదనలో ఆయన పక్షం పూర్తిగా సరైనదని చెప్పలేము. గణితం, భౌతికశాస్త్రం పునాది వేయడానికి కాలం పడుతుంది, నాయుడి వంటి ప్రజ్ఞ అందరికీ ఉండదు. అయితే పట్టా చేతపట్టుకొని పానా పట్టడం రాని ఇంజనీర్లు తయారవుతున్నారన్న ఆయన ఫిర్యాదు మాత్రం నేటికీ పాతబడలేదు. ఆ కళాశాల తరువాత వేరే చోటికి తరలి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. పాత స్థలం వద్ద బస్సు స్టాపును మాత్రం ప్రజలు ఇప్పటికీ హోప్స్ అనే పిలుస్తారు.

ఇతర ఆసక్తులు

ఫోటోగ్రఫీ, చలనచిత్రాల చిత్రీకరణ నాయుడికి ఇష్టమైన వ్యాపకాలు. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. జర్మనీలో హిట్లరును, మన దేశంలో గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌లను తన కెమెరాలో బంధించాడు. వ్యవసాయంలోనూ ప్రయోగాలు చేసి పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకాలను పండించాడు. సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆయన తోటను సందర్శించారు. మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నికలలో ఒకసారి పోటీచేసి ఓడిపోయాడు.

మరణం, స్మారకాలు

1967లో తన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పిన నాయుడు, 1974 జనవరి 4న మరణించాడు. ఆయన కుమారుడు జి.డి.గోపాల్ ఆధ్వర్యంలో 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం ప్రారంభమైనది. పాత కార్లతో పాటు, అవి లోపల ఎలా పనిచేస్తాయో తెలుసుకునే అవకాశం కూడా విద్యార్థులకు అక్కడ ఉంది. అదే అవినాశి రోడ్డుపై నిర్మించిన 10 కిలోమీటర్ల పైవంతెనకు నాయుడి పేరు పెట్టి 2025 అక్టోబరులో ప్రారంభించారు. వీధుల పేర్లలో కులసూచకాలను తొలగించాలని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన రోజులలోనే వంతెనకు ఆ పేరు పెట్టడం కొంత చర్చకు దారితీసింది. నాయుడు అన్న మాట తీసివేస్తే మిగిలేది జి.డి. అన్న రెండు అక్షరాలు మాత్రమే.